ఆ ఇంట్లో అప్పన్నలు లేరు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆ మాట అనడానికి నాకు కొంచెం హక్కుందనే అనుకుంటాను. బొబ్బిలి దగ్గర పల్లెలో పుట్టి, విశాఖపట్నంలో నర్సింగ్ చదివి, చాలా ఏళ్ళుగా దోహాలో డయాలసిస్ నర్సుగా పనిచేస్తున్నాను. నా చేతుల్లో పోయినవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. బతికున్నవాళ్ళతో వేగడానికే ఓపిక చాలడం లేదు, ఇంక పోయినవాళ్ళు కూడానా అని మా ఆయనతో వేళాకోళమాడేదాన్ని.

ఇప్పుడు రాసేది నా కళ్ళతో సగం చూసింది, మా పెదనాన్న నోట సగం విన్నది. రెండూ కలిపితే ఏమవుతుందో నాకు తెలీదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

సురేన్ గారిది మారిషస్. అరవైకి దగ్గర పడిన మనిషి. ఇక్కడ ఒక హోటల్ ఆఫీసులో ఉద్యోగం. కిడ్నీలు రెండూ పాడై మా సెంటర్‌కి వచ్చారు. మొదటి రోజు ఫైల్ మీద పేరు చూసి నేను నవ్వేశాను. సురేన్ అప్పన్న అని ఉంది.

మా వైపు వాళ్ళకి ఎందుకు నవ్వొస్తుందో చెప్పక్కర్లేదు. సింహాద్రి అప్పన్న మా దేవుడు. మా నాన్న పేరు అప్పన్న. మేనమామ అప్పలస్వామి. మా వీధిలో నిలబడి 'ఒరేయ్ అప్పన్నా' అని కేకేస్తే నలుగురు తలకాయలు బయటికి పెడతారు. అలాంటిది, సూటు వేసుకుని ఫ్రెంచి యాసతో ఇంగ్లీషు మాట్లాడే మనిషికి ఇంటిపేరుగా అది కనిపించేసరికి ఆపుకోలేకపోయాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "నువ్వు అటువైపు మనిషివా సిస్టర్?" అని ఇంగ్లీషులో అడిగి, కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారు.

డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా పూటంతా కుర్చీకి అతుక్కుపోవడమే. కొందరు నిద్రపోతారు, కొందరు ఫోన్ చూస్తారు. ఈయన మాట్లాడేవారు. ఆయన కథంతా అలా ముక్కలు ముక్కలుగా విన్నాను.

ఆయన తాతకి తాత పేరు అప్పన్న. తెల్లదొరల కాలంలో చెరుకు తోటల్లో పనికి కూలివాళ్ళని ఓడలెక్కించి తీసుకుపోయారు కదా, అందులో పోయాడు. అక్కడి గుమాస్తా ఆ ఒక్క పేరే రాసుకున్నాడు. తరవాత పుట్టినవాళ్ళందరికీ అదే ఇంటిపేరయింది. అడవి కొట్టి తోట వేసిన మొదటివాళ్ళ కోసం దొర వరసగా గుడిసెలు వేయించాడట. ఆ గుడిసెలే ఇప్పుడు వాళ్ళ ఊరు. "మీరు ఇక్కడ లేబర్ క్యాంప్ అంటారు చూడు, మా ముసలివాళ్ళు మా ఊరిని ఇప్పటికీ అదే మాట అంటారు" అన్నారాయన. అమ్మోరు పండగ చేస్తారు, రాముల భజన చేస్తారు. తెలుగు మాత్రం గుళ్ళో పాటల్లోనే మిగిలింది, నోట్లో లేదు. ఆయనకొచ్చిన తెలుగు గోవింద నామాలు, ఇంకో పదో పన్నెండో మాటలు.

మారిషస్ వైపు తీగంతా ఆయన లాగేశారు. ఏ తోట, ఏ దొర, ఎవరికి ఎవరు పుట్టారు, అన్నీ. ఈ ఒడ్డుకి వచ్చేసరికే తీగ తెగిపోయింది. పాత కాగితాల్లో ఊరి పేరు ఉండాల్సిన చోట విశాఖపట్నం జిల్లా అని మాత్రమే ఉంది. అప్పట్లో ఆ జిల్లా అంటే మా ఉత్తరాంధ్రలో ముప్పాతిక భాగం.

ఆయన దగ్గర ఇంకొక్క ఆనవాలుంది. వాళ్ళ వంశంలో మగవాళ్ళు కొత్త ఇంట్లోకి మొదటిసారి వంటింటి వెనక గుమ్మం నుంచే అడుగుపెడతారు. గృహప్రవేశమైనా సరే, అద్దిల్లయినా సరే. ఎందుకో ఎవరికీ తెలీదు. దోహాలో కూడా ఆ పట్టింపు వదల్లేదు. అల్ ఘర్రాఫాలో ఒక పాత విల్లాని గదులుగా విడదీసి అద్దెకిస్తుంటే, వంటింటికి వెనక తలుపుందని అదే తీసుకున్నారు. "దొడ్డిదారిన వచ్చిన మనిషి మీరు" అని ఏడిపిస్తే, ఆ మాటకి అర్థం అడిగి మరీ నవ్వారు.

ఆయన కోరిక ఒక్కటే. వాళ్ళ నాన్న పోయేముందు చెప్పాడట, మన ఇల్లు ఎక్కడుందో కనుక్కో, ముందు గుమ్మం నుంచి ఒక్కసారి లోపలికి వెళ్ళు, చాలు అని. ఆయన ఉద్యోగాల్లో పడి వాయిదా వేశారు. ఇప్పుడు ఒంట్లో ఇలా అయింది. గుండె కూడా బలహీనం, ప్రయాణం వద్దని డాక్టర్లు ఖచ్చితంగా చెప్పేశారు. ఇంత కష్టపడి ఊరు దొరికినా వెళ్ళలేరు. అయినా వెతుకుతూనే ఉన్నారు.

నేనూ తలదూర్చాను. పాతకాలంలో ఓడెక్కి పోయిన అప్పన్న ఉన్న ఇల్లేదైనా ఉందా అని తెలిసిన ప్రతి ఊరికీ ఫోన్ చేశాను. ఒక్కో ఊళ్ళో పదేసిమంది అప్పన్నలు తేలారు. అందరి తాతల పేర్లూ అప్పన్నే. ఇసకలో కలిసిన పంచదార ఏరుకోవడమే అయింది నా పని. నెలలు గడిచాయి. విసుగొచ్చి మానేద్దామనుకున్నాను.

అప్పుడు మా పెదనాన్న, మా నాన్నకి అన్న, ఫోన్లో నన్ను తిట్టాడు. "అప్పన్న ఉన్న ఇల్లు ఎతికితే ఎలగమ్మా? సింహాద్రప్పన్న రాజ్యంలో ఆ పేరు నేని ఇల్లు ఉంటాదేటి? ఆ పేరు నేని ఇల్లు ఎతకాల. అది ఒక్కటే ఉన్నాది."

మా ఊరికి రెండూళ్ళ అవతల ఒక ఇంట్లో తరతరాలుగా ఎవరికీ ఆ పేరు పెట్టరట. దేవుడికి మొక్కుకుని పుట్టిన పిల్లలకి కూడా నరసింహులనో, ఇంకోటో పెడతారు గాని అది పెట్టరు. ఊళ్ళోవాళ్ళు ఆ ఇంటిని చాటుగా గడ్డిబొమ్మోరిల్లు అంటారు. దాని వెనక కథ పెదనాన్నకి వాళ్ళ అమ్మ, అంటే మా మామ్మ, చెప్పింది.

ఆ ఇంటి కొడుకొకడు, పేరు అప్పన్న, పనికని పోయి మరి రాలేదు. కబురు లేదు. ఏ సముద్రంలోనో పోయాడనుకున్నారు. శవం దొరకని మనిషికి మా వైపు ఏం చేస్తారంటే, గడ్డితో బొమ్మ చేసి, పాడె కట్టి, కాల్చి, దినాలు పెట్టేస్తారు. లేకపోతే ఆ ఆత్మ తిరుగుతుందని భయం. అలాగే చేశారు. పెళ్ళాం గాజులు పగలగొట్టారు. తరవాత కొన్నేళ్ళకి ఆ మనిషి నడుచుకుంటూ వచ్చి ఇంటిముందు నిలబడ్డాడు. ఎక్కడో చెరుకు తోటలో ఒప్పందం తీరి, ఓడెక్కి వచ్చాడు.

కాల్చేసిన మనిషి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. వస్తే ఇంట్లో ఇంకొకరిని తీసుకుపోతాడు. తండ్రి తలుపు వేసేశాడు. తల్లి మాత్రం మనసు ఉండబట్టలేక పెరట్లోకి పిలిచి, దొడ్డిగుమ్మంలోంచి అన్నం పెట్టింది. పెళ్ళాం లోపలే ఉంది, చూడనివ్వలేదు. తిని, ఆకు తనే తీసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఓడెక్కాడో, ఎటు పోయాడో ఆ ఊళ్ళో ఎవరికీ తెలీదు.

ఎటు పోయాడో నాకు తెలిసింది.

సురేన్ గారికి ఇదంతా చెప్పాను. ఆయన అన్నది ఒకే మాట. "మాకు తెరిచిన తలుపు అదొక్కటే అన్నమాట."

ఆ తరవాత ఆయన అడిగింది చాలా చిన్న సాయం. తను వెళ్ళలేరు కాబట్టి, ఆ ఇంటివాళ్ళు వీడియో కాల్‌లో ముందు గుమ్మం చూపించి, లోపలికి రా అని ఒక్కసారి అంటే చాలు. ఇంకేం వద్దు. ఎవరైనా ఆస్తి సంగతి ఎత్తుతారేమోనని, ఆ ఊసే లేదని ముందే చెప్పించారు.

పెదనాన్న వెళ్ళి అడిగాడు. ఇప్పుడు ఆ ఇంటి పెద్ద ఒక ముసలమ్మ, చూపు బాగా మందగించింది. కొడుకు, కోడలు ఉన్నారు. కోడలు కడుపుతో ఉంది, అంతకుముందు రెండుసార్లు పోయిందట. ముసలమ్మ చేతులు జోడించి, "బాబూ, నీ కాల్మొక్కుతాను, ఆ పేరు ఈ గుమ్మంలో ఎత్తకు. నా కోడలు నీళ్ళోసుకున్నాది" అందట. పెదనాన్న ఇంకోసారి కూడా వెళ్ళాడు. కొడుకు ఈసారి అరుగు మీద కూడా కూర్చోనివ్వలేదు. వాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. కానీ రెండుసార్లు కడుపు పోయిన ఇంటి భయం నాకు తెలీనిది కాదు.

సురేన్ గారికి ఇంకా కొంచెం టైం పట్టేలా ఉందని చెప్పాను. ఆయనకి అర్థమయింది.

ఇక ఆ రోజు.

ఎండాకాలం మొదలు, బయట దుమ్ము లేచి ఆకాశం పసుప్పచ్చగా ఉంది. పేషెంట్లని తీసుకొచ్చే వ్యాన్ డ్రైవర్ గంగాధర్‌ది జగిత్యాల వైపు. సురేన్ గారిని చక్రాల కుర్చీలో తోసుకొచ్చి, నన్ను పక్కకి పిలిచాడు.

"అక్కా, సార్‌కు తెలుగొస్తదని నాకు ఒక్కనాడన్న చెప్పలే. ఇయ్యాల తొవ్వపొంటి తెలుగుల్నే మాట్లాడిండు. మీ దిక్కు తెలుగు, నాకు సగం సమజే కాలే."

"ఆయనకి తెలుగెక్కడిది గంగాధర్? గుళ్ళో పాటలేమో."

"పాటలు గాదక్కా. ఎవలితోనో మాట్లాడినట్టే. ఇంకెంత దూరమున్నదని అడిగిండు. నన్ను గాదు."

నేను పట్టించుకోలేదు. బీపీ చూశాను, కొంచెం తక్కువగా ఉంది. మిషన్ మొదలుపెట్టాను. పొద్దు బాగా పైకెక్కేసరికి బీపీ ఒక్కసారిగా పడిపోయింది. ఇది మాకు కొత్త కాదు. మిషన్ ఒంట్లోంచి నీరు లాగడం ఆపి, కాళ్ళు పైకెత్తి, సెలైన్ ఇచ్చాం. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మనిషి ఇక్కడ లేడు. పక్కన ఫిలిప్పీన్స్ నర్సు పిలుస్తోంది, పలకలేదు. అప్పుడు మాట్లాడారు.

"అమ్మా, గుమ్మం తియ్యనేదు. ఎంత పిలిసినా తియ్యనేదు. నాను సచ్చిపోనేదని సెప్పమ్మా. బతికే ఉన్నానని సెప్పు."

అది పుస్తకంలో నేర్చుకున్న తెలుగు కాదు. మా మామ్మ మాట్లాడిన తెలుగు. పట్నం వెళ్ళి చదువుకున్నాక నా నోట కూడా అంత బాగా పలకదు. ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి, "మీ భాషేనా? ఏమంటున్నాడు?" అని అడిగింది. అందుకని నేనొక్కదాన్నే ఊహించుకున్నాననుకోలేను.

కాసేపటికి తేరుకున్నారు. మామూలు ఇంగ్లీషులో, "మళ్ళీ పడిపోయిందా?" అన్నారు. ఏమైనా గుర్తుందా అంటే లేదన్నారు. గుమ్మం అంటే ఏమిటో తెలుసా అని అడిగాను. గుమ్మడికాయా అన్నారు. ఆయనకొచ్చిన మాటల్లో అదొకటి.

బీపీ పడినప్పుడు మెదడుకి రక్తం సరిగా అందదు, మనుషులు ఏవేవో మాట్లాడతారు. చిన్నప్పుడు ముసలివాళ్ళ నోట విన్న మాటలు ఎక్కడో ఉండిపోయి బయటికి వచ్చి ఉంటాయి. నేను చెప్పిన కథ ఎలాగూ మనసులో నలుగుతూనే ఉంది. ఇలా సర్దిచెప్పుకున్నాను. ఇప్పటికీ ఆ ఒక్కటైతే అలాగే సర్దుకునేదాన్ని.

డ్యూటీ దిగి అల్ దోహా అల్ జదీదాలో మా ఫ్లాటుకి వచ్చేసరికి ఫోన్లో పెదనాన్న కాల్స్ వరసగా ఉన్నాయి. ఎప్పుడూ తనంతట తను చేసే మనిషి కాదు. ఎవరైనా పోయారేమోనని చెప్పులు కూడా విప్పకుండా చేశాను.

"ఓలమ్మా, ఆ మారిషస్ మనిషి ఇక్కడికి ఒచ్చీసినాడేటి? సెప్పలేదేటే నువ్వు?"

రాలేదు, ఇందాకటిదాకా నా దగ్గరే ఉన్నారన్నాను. పెదనాన్న జరిగింది చెప్పాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ, ఇక్కడ మాకు పొద్దెక్కే వేళ, ఆ ఇంటిముందు ఒక మనిషి నిలబడ్డాడు. పట్టపగలు. కొడుకు చూశాడు, ఎదురింటివాళ్ళు చూశారు. కాళ్ళు వాచి ఉన్నాయి. అమ్మా, లోపలికి రమ్మనండి, బతికే ఉన్నాను అని పిలుస్తూనే ఉన్నాడు. కొడుకు తలుపు మూసి గడియ పెట్టాడు. ఆ మనిషి ఇంటిచుట్టూ తిరిగి దొడ్డిగుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ముసలమ్మ ఉంది. తలుపు చట్రం పట్టుకున్న అతని ఎడమ చేతిని తోసేసి, ఆ తలుపు కూడా వేసేసింది. కొడుకు కర్ర తీసుకుని పెరట్లోకి వచ్చేసరికి ఎవరూ లేరు.

బిచ్చగాడై ఉంటాడన్నాను. పిచ్చివాడై ఉంటాడన్నాను. ఆ పక్క ఊరివాళ్ళెవరో వేళాకోళానికి చేసి ఉంటారన్నాను.

"అలగే అనుకుందుం గాని, ముసల్ది ఇంకోటి అంతన్నాది. ఆ సెయ్యి పట్టుకుంటే లోపల గుయ్యిమని కొట్టుకున్నాదట. తుమ్మెదని గుప్పిట్లో పట్టుకున్నట్టు. మనిసి సెయ్యి అలగ ఉంటాదేటమ్మా?"

ఉంటుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి చేతిలో రెండు రక్తనాళాలని కలిపి కుడతారు. అక్కడ వేళ్ళు పెడితే రక్తం జుయ్యిమని కొట్టుకోవడం తెలుస్తుంది. అది కొట్టుకుంటేనే సూది గుచ్చుతాం. ప్రతిసారీ మేం మొదట చూసేది అదే. సురేన్ గారికది ఎడమ చేతికే ఉంది. పెదనాన్నకి ఆయన జబ్బేమిటో నేను చెప్పలేదు, ఒంట్లో బాగోదని మాత్రం అన్నాను. చూపు సరిగ్గా ఆనని పల్లెటూరి ముసలమ్మకి ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆయన వచ్చి ఏమైందంటే ఏడ్చాను. భయమేసి కాదు. సురేన్ గారు అంత దూరం వెళ్ళినా రెండు తలుపులూ వేసేశారే అని ఏడ్చాను. అప్పటికి నేను జరిగింది నిజమనే అనుకుంటున్నానని కూడా గమనించలేదు. మా ఆయన అన్నీ విని, "చచ్చినవాళ్ళు దెయ్యాలవుతారంటే విన్నాను గాని, ఈయన బతికున్నాడు కదే" అన్నాడు.

సురేన్ గారికి ఇదేదీ చెప్పలేదు. తరవాత వచ్చినప్పుడల్లా ఆయన చేతిమీద వేళ్ళు పెట్టడానికి నాకు ఒక్క క్షణం పట్టేది.

కొన్ని వారాలయ్యాక ఒకరోజు మధ్యలో విరామానికి బయటికొస్తే పెదనాన్న ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ ఇంటివాళ్ళు ఎవరో భూతవైద్యుణ్ణి అడిగారట. పాతకాలంలో చేసింది సరిగ్గా జరగలేదు, అందుకే తిరుగుతున్నాడు అన్నాడట. ఆ పొద్దున మళ్ళీ గడ్డితో బొమ్మ చేసి, పాడె కట్టి, ఊరవతల కాల్చి వచ్చారు. ఈసారి బొమ్మకి ఎడమ చెయ్యి గట్టిగా తాళ్ళతో కట్టారట.

లోపలికి వచ్చాను. సురేన్ గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు, మిషన్ తిరుగుతోంది. ఆ రోజు కాస్త హుషారుగా కూడా ఉన్నారు.

"ఊరి నుంచేనా? ఏమన్నారు?" అన్నారు.

"వాళ్ళతో ఇంకా మాట్లాడుతున్నారు" అన్నాను.

"తొందరేం లేదు సిస్టర్" అన్నారు.

ఆ నెలలోనే పోయారు. అందులో వింతేమీ లేదు. ఇన్ఫెక్షన్ వచ్చి పెద్దాసుపత్రిలో చేర్చారు, గుండె తట్టుకోలేదు. అలాంటి పేషెంట్లకి అలాగే జరుగుతుంది. గడ్డిబొమ్మ కాల్చినందుకు పోయారని నేననను. నాకు తెలిసిన వైద్యం అలా అననివ్వదు. ఆ ఇంటి కోడలికి మాత్రం నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. అది విన్నాక సంతోషించాలో వద్దో కూడా తెలీలేదు.

ఇదంతా రాశాక కూడా నాకు తేలింది ఏమీ లేదు. మాట్లాడిన తెలుగుకి ఒక కారణం చెప్పుకోగలను. గుమ్మంలో నిలబడ్డ మనిషికి ఇంకో కారణం చెప్పుకోగలను. ఆ చేతికి చెప్పుకోలేను. చదివినవాళ్ళెవరైనా చెబితే వింటాను.

మొన్న మారిషస్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న సామాన్లలో నా నంబరు దొరికిందట. మంచి పిల్ల, మాట కూడా ఆయనలాగే ఉంది. నాన్న మొదలుపెట్టిన పని పూర్తి చేద్దామనుకుంటున్నాం, సెలవులకి నేనూ తమ్ముడూ ఇండియా వెళ్తాం, ఆ ఊరు దొరికిందని ఒకసారి అన్నారు, పేరు చెబుతారా ఆంటీ అని అడిగింది.

ఊరి పేరు నా నోటి దాకా వచ్చింది. వాళ్ళు విమానం దిగి, కారు కట్టించుకుని, నవ్వుకుంటూ ఆ ఇంటిముందు దిగడం కనిపించింది. తమ్ముడు ముందు నడుస్తున్నాడు.

"దొరకలేదమ్మా. మేం అనుకున్నది ఆ ఊరు కాదు" అన్నాను.